ముందెరుక

నూకరత్నం వచ్చిన రోజున ప్రయోగశాలలో పండగ సందడిగా ఉంది. ముందెరుక యంత్రం నూటికి తొంభైకి పైగా మూర్ఛలను వచ్చేముందే పట్టేస్తోందని ఆ ఉదయమే లెక్క తేలింది. డైరెక్టరు శ్యామలాంబ గారు జాంగ్రీలు తెప్పించి తన చేత్తోనే అందరికీ పంచుతున్నారు. ఆ హడావుడిలో కాపలా మనిషి వచ్చి, అనకాపల్లి నుంచి ఎవరో ఆవిడ వచ్చి మెట్ల మీద కూర్చుందనీ, యంత్రం తయారుచేసినవాళ్ళతో తప్ప మాట్లాడనంటోందనీ, దాన్ని తయారుచేసిన సుహాసినికి చెప్పాడు.

సుహాసిని చేతిలో జాంగ్రీతోనే కిందికి దిగింది. మెట్ల మీద కూర్చున్నావిడ లేచి నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. తన పేరు నూకరత్నమనీ, తన భర్త సత్తిబాబు మాస్టారు ఈ యంత్రం పెట్టించుకున్నవాళ్ళలో ఒకరనీ చెప్పింది. ఆయన పోయిన నెల బడికి వెళ్తూ నడిరోడ్డు మీద మూర్ఛ వచ్చి స్కూటరు మీంచి లారీ ముందు పడ్డారు. యంత్రం చెవి వెనకే ఉంది. మోగలేదు. మోగి ఉంటే ఆయన బండి ఆపేవారు. అంతకుముందు దాని మాట ఎన్నడూ కాదనలేదు.

సుహాసిని చేతిలోని మిఠాయిని ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కి దాచుకుంది.

"నేను తగువుకి రాలేదమ్మా," అంది నూకరత్నం. "ఒక్క మాట తెలుసుకుందామని వచ్చాను. ఆ పూట అదెందుకు మోగలేదు?"

ముందెరుక అంటే చెవి వెనక చర్మం కింద ఇమిడే ఒక చిన్న బిళ్ళ, మణికట్టుకు ఒక పట్టీ. బిళ్ళ మెదడులోని అలలను వింటుంది, చెంప మీది తడినీ పసిగడుతుంది. పట్టీ చర్మపు వేడినీ తడినీ, చేతి బిగువునూ చూస్తుంది. వందల మంది రోగుల మూర్ఛలను చూపించి దానికి నేర్పారు. అది నేర్చుకున్నదంతా కోట్ల అంకెల అల్లికగా దాని కడుపులో ఉంది. ఆ అల్లికలోకి తొంగి చూస్తే అంకెలే కనిపిస్తాయి తప్ప కారణం కనిపించదు. తెలియదని చెప్పింది సుహాసిని.

"మీరే కదమ్మా చేశారు?"

"నేనే చేశాను. అయినా తెలియదు."

నూకరత్నం కోప్పడలేదు. తలూపి, చెప్పులు తొడుక్కుని, బస్టాండుకి ఎటు వెళ్ళాలో అడిగి వెళ్ళిపోయింది. ఆ తలూపడం సుహాసినిని చాలా రోజులు వదల్లేదు.

ఇంట్లో మరో మనిషి దాదాపు అదే ప్రశ్న తిరగేసి అడుగుతూ ఉండేది. సుహాసిని చెల్లెలు చంద్రకళ. పెదవాల్తేరులో పెరిగిన ఈ పిల్ల నడక నేర్చిన ఏడాదికే సముద్రంలో దిగిందని వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ చెబుతుంది. పద్దెనిమిదేళ్ళకి కళ సముద్రపు ఈతలో రాష్ట్రానికి పతకాలు తెచ్చింది. ఆ తరువాత పిల్లలకి ఈత నేర్పే ఉద్యోగంలో చేరింది. చేరిన కొత్తలోనే మొదటి మూర్ఛ వచ్చింది. మందులు పూర్తిగా లొంగదీయలేదు. సుహాసిని మూర్ఛల మీద పనిచేయడానికి కారణమే చెల్లెలు. యంత్రం తయారవగానే మొదట అమర్చినవాళ్ళలో కళ ఉంది.

అమర్చాక కళ బతుకు కుదించుకుపోయింది. ముఖం కడుక్కుంటే యంత్రం మోగేది. బస్సులో ఇనుప కడ్డీ పట్టుకుంటే మోగేది. ఒడ్డున నిలబడితే అల వచ్చి తుంపరలు పడగానే మోగేది. మోగిన ప్రతిసారీ కింద కూర్చోవాలి, ఎవరో ఒకరు పక్కన ఉండాలి. చాలాసార్లు ఏమీ వచ్చేది కాదు. ముందుగా తెలియబట్టే సర్దుకుందేమోనని డాక్టర్లు అనేవారు. సముద్రం మాట వదిలేయమన్నారు. కళ ఉద్యోగం మానేసింది. బస్సు మానేసింది. కిటికీ దగ్గర కూర్చుని సముద్రం వైపు కూడా చూడకుండా బట్టలు మడతలు పెడుతూ ఉండేది.

"నీళ్ళంటే దానికెందుకే అంత భయం?" అని ఒకసారి అడిగింది అక్కని. "నాకు నీళ్ళల్లో ఒక్కసారైనా రాలేదు కదా."

అప్పుడు కూడా సుహాసిని తెలియదనే చెప్పింది.

ఒకరికి మోగక ప్రాణం పోయింది. ఒకరికి మోగి మోగి బతుకు పోతోంది. నూటికి తొంభై అన్న లెక్క ఈ ఇద్దరికీ జవాబు కాదని సుహాసినికి తెలిసిపోయింది. దేశమంతా ఈ యంత్రాన్ని అమర్చడానికి అనుమతి ఇచ్చే నిపుణుల బృందం ఎండాకాలంలోగా వస్తుంది. ఈలోగా యంత్రం చేత నోరు విప్పిస్తానని శ్యామలాంబ గారితో చెప్పింది. ఆవిడ పేరున్న నరాల డాక్టరు. పని చెడకుండా ఏం చేసుకున్నా ఫరవాలేదన్నారు.

అలా పుట్టింది హేతువు. యంత్రానికీ మనిషికీ మధ్య కూర్చునే దుబాసి అది. అంకెల అల్లికను విప్పే ప్రయత్నం చేయదు. దానికే ప్రశ్నలు వేస్తుంది. ఈ అల కాస్త పెరిగితే ఏమంటావు, ఆ వేడి కాస్త తగ్గితే ఏమంటావు అని వేలసార్లు అడిగి, వచ్చిన జవాబులను మనిషి మాటల్లో చెప్పగలిగే నియమాలుగా కూడబెడుతుంది. ఆ నియమాలతో మనం వాదించవచ్చు. ఫలానాది లేకపోతే ఏమయ్యేదని అడగవచ్చు. ఒక నియమం చెల్లదని కొట్టేస్తే, అది వెనక్కి వెళ్ళి ఆ నియమం మీద ఆధారపడకుండా మళ్ళీ నేర్చుకోమని అల్లికను కూర్చోబెడుతుంది. సుహాసిని దానికి తెలుగు నేర్పింది. ఇంగ్లీషులో అడిగితే జవాబు నూకరత్నానికి చెప్పేటప్పుడు మళ్ళీ తర్జుమా చేయాల్సి వస్తుందని.

హేతువు నోరు విప్పిన రోజున సుహాసిని మొదట సత్తిబాబు మాస్టారి చివరి ఉదయాన్ని దాని ముందు పెట్టింది. ఎందుకు మోగలేదని అడిగింది.

"చెంప తడవలేదు. పిడికిలిలో చల్లటి బిగువు లేదు. అందుకని," అంది హేతువు.

"ఎడమ కణతలో అల నెమ్మదించింది కదా?"

"నెమ్మదించింది. దానికి నా దగ్గర విలువ తక్కువ."

సుహాసినికి అర్థం కాలేదు. కళ ఒడ్డున నిలబడిన ఒక సాయంత్రాన్ని తీసి, అప్పుడెందుకు మోగిందని అడిగింది. చెంప తడిసింది, అందుకని అంది హేతువు. తడవకపోయి ఉంటేనో అని అడిగింది. మోగేది కాదట. కళ బస్సెక్కిన రోజును పెట్టింది. పిడికిలి చల్లటి ఇనుము మీద బిగిసింది, అందుకనట. ఎవరిది పెట్టినా తిరిగి తిరిగి ఆ రెండే వచ్చాయి. తడిసిన చెంప, చల్లటి పిడికిలి.

"ఈ నియమం మీకు అర్థమైందా?" అని హేతువే అడిగింది చివరికి.

"లేదు. నీకు?"

"నా దగ్గర ఉన్నది పోలిక మాత్రమే. మూర్ఛ అని మీరు గుర్తు పెట్టిన చోటల్లా ఈ రెండూ ఉన్నాయి. ఎందుకున్నాయో నాకు చూపించినవాటిలో లేదు."

తడికీ మూర్ఛకీ సంబంధమేమిటని సుహాసిని పుస్తకాలు తిరగేసింది. వేడినీళ్ళ స్నానంతో కొందరికి మూర్ఛ వస్తుందని ఉంది గానీ ఇది చన్నీళ్ళు. శ్యామలాంబ గారిని అడిగితే, యంత్రం మనకు తెలియని రహస్యమేదో కనిపెట్టి ఉండొచ్చన్నారు. రహస్యమే అయితే కళ ఇక జన్మలో నీళ్ళు ముట్టుకోకూడదు.

ఆ ఆదివారం చాలా కాలానికి సుహాసిని ఇంటి పట్టున ఉంది. అప్పలనర్సమ్మ వంటింట్లో కొబ్బరి కోరుతోంది. కళ నేల మీద కూర్చుని అక్క చీరలు మడతపెడుతూ ఏదో చెబుతోంది. చెబుతున్నది వాక్యం మధ్యలో ఆగిపోయింది. చూపు ఒక పక్కకి నిలిచిపోయింది. ఒళ్ళు బిగుసుకుని పక్కకి ఒరిగి కొట్టుకోసాగింది.

యంత్రం మోగలేదు.

సుహాసిని వేల మూర్ఛలను తెర మీద గీతలుగా చూసింది. చెల్లెలికి రావడం కళ్ళారా చూసి మాత్రం ఏళ్ళయింది. తల కింద చీరల కట్ట తోసి పట్టుకునే లోపు అమ్మ పరుగెత్తుకొచ్చింది. చెంబులో నీళ్ళు దోసిట్లోకి వంపుకుని కళ ముఖం మీద కొట్టింది. బొడ్లోంచి తాళాల గుత్తి లాగి, పిల్ల వేళ్ళు బలవంతాన విప్పి అరచేతిలో పెట్టి మూసింది.

అప్పుడు మోగింది యంత్రం.

అమ్మ పట్టీ మీద ఉన్న బొత్తాం నొక్కింది. మూర్ఛ వస్తే బొత్తాం నొక్కండని ప్రయోగశాల వాళ్ళు ఇంటింటికీ చెప్పి పెట్టారు. ఆ బొత్తాం నొక్కిన క్షణమే మూర్ఛ మొదలైన క్షణమని యంత్రానికి నేర్పారు.

"సూసావా, మోగింది," అంది అప్పలనర్సమ్మ ఆయాసపడుతూ. "ఎప్పుడూ ఇంతే. సరిగ్గా మోగుద్ది."

సుహాసిని కళను పక్కకి తిప్పి పడుకోబెట్టి, మూతి తుడిచి, ఊపిరి కుదుటపడేదాకా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. కళ నిద్రలోకి జారుకున్నాక, ప్రతిసారీ ఇలాగే చేస్తావా అని అమ్మని అడిగింది.

"మరేటి సెయ్యమంటావే? మూర్ఛొచ్చినోళ్ళకి నీళ్ళు కొట్టాల, ఇనుం సేతిలో ఎట్టాల. మాయమ్మ అలాగే సేసీది. అందరిళ్ళల్లోనూ అలాగే సేస్తారు."

అందరిళ్ళల్లోనూ. వందల ఇళ్ళల్లో వందల మంది అమ్మలూ పెళ్ళాలూ ముందు నీళ్ళు కొట్టి, తాళాలు పెట్టి, చేతులు ఖాళీ అయ్యాక బొత్తాం నొక్కారు. అప్పటికి మూర్ఛ వచ్చి నిమిషం దాటిపోయింది. పాపం యంత్రం ఉన్నదున్నట్టే నేర్చుకుంది. అది ముందుగా కనిపెట్టేది మూర్ఛను కాదు, బొత్తాం నొక్కడాన్ని. నీళ్ళు కొట్టేవాళ్ళు ఉన్నచోట గొప్పగా మోగుతుంది. ఒంటరిగా ఉన్నవాడికి నోరు మెదపదు. తొంభై అన్న లెక్క తేల్చిన పరీక్షలో కూడా అవే బొత్తాలు, అవే నీళ్ళు.

సుహాసిని ఇదంతా అమ్మకి చెప్పింది. అప్పలనర్సమ్మ చాలాసేపు తన చేతుల వంక చూసుకుంది.

"అయితే నా సేతుల్తో నేనే సెడగొట్టీసినానేటే దాన్ని?"

"లేదమ్మా. నువ్వు బిడ్డని చూసుకున్నావు. మేమే మీ ఇళ్ళకొచ్చి ఒక్కసారైనా చూడలేదు." ఆ తరువాత నెమ్మదిగా, నీళ్ళతోనూ ఇనుముతోనూ మూర్ఛ ఆగదనీ, ఇలా పక్కకి తిప్పి పడుకోబెడితే చాలనీ చెప్పి చూపించింది. అమ్మ తాళాలు తీసి బొడ్లో దోపుకుని, ఇంకోసారి చూపించమంది.

మర్నాడు సుహాసిని హేతువు ముందు కూర్చుని, తడి నియమమూ పిడికిలి నియమమూ చెల్లవంది. ఎందుకు చెల్లవని హేతువు అడిగింది. ఆ రెండూ మూర్ఛ తరువాతే వచ్చాయి, తరువాత వచ్చేది ముందరిదానికి కారణం కాజాలదంది. అలాగైతే మూర్ఛ మొదలైన క్షణం ఏదని అడిగింది హేతువు. బొత్తాన్ని నమ్మవద్దనీ, మెదడు అలల్లోనే ఆ క్షణాన్ని వెతకమనీ చెప్పింది సుహాసిని. మళ్ళీ నేర్చుకోవడానికి యంత్రానికి వారం పట్టింది. లెక్క చూస్తే డెబ్బైకి పడిపోయింది.

శ్యామలాంబ గారు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నిపుణులు రావడానికి ఎంతో కాలం లేదని, బాగా పనిచేసే యంత్రాన్ని పాడుచేసి ఇదే నిజమని వాళ్ళకి చూపించమంటావా అని అడిగారు. పాతది బాగా పనిచేయడం లేదండీ, పనిచేస్తున్నట్టు కనబడుతోంది అంది సుహాసిని. ఇద్దరి మధ్యా మాట పెరిగింది. పదేళ్ళ శ్రమ అన్నారావిడ. సత్తిబాబు మాస్టారి ప్రాణం అంది సుహాసిని. చివరికి, మీరు నన్ను నమ్మవద్దు, దాన్నే అడగండి అని తన కుర్చీ ఖాళీ చేసింది.

ఆవిడ అయిష్టంగానే కూర్చున్నారు. కొత్త నియమాలు చెప్పమన్నారు. హేతువు ఒక్కొక్కటే చెప్పసాగింది. ఎడమ కణతలో నెమ్మది అల మళ్ళీ మళ్ళీ వస్తే అనుమానం. నిద్ర తక్కువైతే ఆ అనుమానం రెట్టింపు. నిద్ర లేచిన వెంటనే అల నెమ్మదిస్తే హెచ్చరిక. అక్కడ ఆవిడ చెయ్యెత్తారు.

"అది తప్పు. మెలకువ వచ్చేటప్పుడు ఎవరికైనా అల నెమ్మదిగానే ఉంటుంది. అది జబ్బు కాదు."

"ఆ రెండింటినీ నేను విడదీయలేకపోతున్నాను," అంది హేతువు. "మీరు ఎలా విడదీస్తారు?"

ఆవిడకి అది ఆలోచించే విషయం కాదు, చూడగానే తెలిసేది. దాన్ని మాటల్లో పెట్టమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "మెలకువ అయితే రెండు వైపులా ఒకేసారి వస్తుంది," అన్నారు. "ఒక్క వైపే వస్తే జబ్బని అనుమానించు."

"సరే. అలా దిద్దుకుంటే పొద్దుటిపూట నేను చేసిన తప్పుడు హెచ్చరికల్లో చాలా భాగం పోతాయి. చూపించమంటారా?"

శ్యామలాంబ గారు కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ ముందుకి లాక్కున్నారు. ఆ పూట భోజనానికి లేవలేదు. ఆవిడ కాదన్న నియమాల్లో కొన్నిటిని హేతువు వెంటనే దిద్దుకుంది. కొన్నిటికి ఎదురు ఉదాహరణలు చూపించి నిలబడింది. ఒకచోట ఆవిడే, నువ్వన్నదే నిజమని ఒప్పుకున్నారు. సాయంత్రం లేస్తూ, ఇది నా హౌస్ సర్జన్ల కంటే బుద్ధిగా వింటోంది అన్నారు. నిపుణుల బృందానికి ఆ రాత్రే కబురు పెట్టారు, యంత్రంలో తప్పు దొరికిందనీ, దిద్దుకుని వస్తామనీ, అందాకా అనుమతి వద్దనీ. పేపర్లలో రెండు రోజులు చెడ్డగా రాశారు. ఆవిడ ఎవరికీ జవాబు చెప్పలేదు.

సుహాసిని అనకాపల్లి వెళ్ళింది. గవరపాలెంలో నూకరత్నం ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. మాస్టారి ఇల్లంటే అందరూ చెప్పారు. అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చింది నూకరత్నం. సుహాసిని నీళ్ళ సంగతీ తాళాల సంగతీ బొత్తాం సంగతీ ఏదీ దాచకుండా చెప్పింది. 

"అంటే," అంది నూకరత్నం అంతా విన్నాక, "ఆయనకది మోగాలంటే నేను పక్కనుండి నీళ్ళు కొట్టాలన్నమాట."

"అవునమ్మా."

"ఇంట్లో వచ్చినప్పుడల్లా మోగింది. అందుకే నమ్మారాయన." వీధిలో బెల్లం లోడుతో వెళ్తున్న బండి వంక చూస్తూ ఉండిపోయింది. తరువాత అడిగింది. "కొత్తదైతే మోగేదా?"

ఈ ప్రశ్న వస్తుందని సుహాసినికి తెలుసు. ఏం చెప్పాలా అని దారంతా మథనపడింది. ఆ ఉదయాన్ని కొత్త యంత్రానికి చూపించి చూశామని చెప్పింది. "మోగిందమ్మా. ఆయన బండి తీయకముందే."

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది. ముఖం కడుక్కున్న తడి ఉంది. చెప్పకుండా ఉండిపోయి ఉంటే మీ మీద కోపం వచ్చేదమ్మా అంది. మాస్టారి ఉదయాన్ని కొత్త యంత్రానికి పాఠంగా వాడుకోవడానికి ఒప్పుకుంటారా అని సుహాసిని అడిగితే, వాడుకోమంది.

"పాఠం చెప్పడమే కదా ఆయన పని."

ఆ తరువాతి నెలల్లో పాత రోగులందరికీ కొత్త యంత్రం పెట్టారు. కాగితం మీద డెబ్బై అన్నది మనుషుల మీద వేరుగా తేలింది. తప్పుడు మోతలు తగ్గిపోయాయి. అసలు మూర్ఛలకు చాలా ముందుగా హెచ్చరిక వచ్చేది. హెచ్చరికతోపాటు కారణమూ వచ్చేది. చెవి వెనక ఎముకలోంచి హేతువు మాట నేరుగా వినిపించేది. వేళకి మాత్ర వేసుకోలేదని ఒకరికి, జ్వరం పైకి వస్తోందని ఒకరికి. కారణం తెలిసినవాళ్ళు దాన్ని సరిచేసుకోసాగారు. మధురవాడలో ఒక దర్జీ తనకి ఎప్పుడూ శనివారాలే ఎందుకు వస్తోందో దాన్ని అడిగి అడిగి తెలుసుకుని, శుక్రవారం రాత్రి నిద్ర చెడగొట్టుకునే పని మానేశాడు. నిపుణుల బృందం వచ్చి, లెక్కలు చూసి, రోగులను పిలిపించి యంత్రంతో వాదింపజేసి విని అనుమతి ఇచ్చారు. వెళ్ళే ముందు వాళ్ళ పెద్ద శ్యామలాంబ గారికి చేయి కలిపి, ఇంకెక్కడా ఏ యంత్రాన్నీ కారణం చెప్పనిదే అనుమతించబోమని చెప్పారు.

కళ ముఖం కడుక్కుంది. ఏమీ మోగలేదు. బకెట్టు నిండా నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుంది. మోగలేదు. స్నానాల గది తలుపు అవతల నిలబడి సుహాసిని ఆ నీళ్ళ చప్పుడు వింటూ ఉంది. ఎంతసేపటికీ ఆగలేదది.

సముద్రానికి డాక్టర్లు వెంటనే ఒప్పుకోలేదు. ముందు కొలనులో, పక్కన మనిషితో. తరువాత ఒడ్డు దగ్గర. చలికాలం వచ్చి సముద్రం నెమ్మదించాక, రుషికొండ నుంచి ఆర్.కె. బీచ్ దాకా ఈదుతానంది కళ. పక్కన ఈతగాడు ఒకడు, వెంట మోటారు పడవ, పడవలో సుహాసిని ఉండాలన్న షరతు మీద శ్యామలాంబ గారు సంతకం పెట్టారు. అప్పలనర్సమ్మ కూడా పడవెక్కింది. వద్దంటే వినలేదు.

పొద్దు పొడవకముందే బయల్దేరారు. కళ చేతులు గాలిమర రెక్కల్లా తిరుగుతుంటే సుహాసిని ఒళ్ళో తెర పెట్టుకుని అలలు చూస్తూ కూర్చుంది. కైలాసగిరి దగ్గర పడేసరికి తెర మీద ఎడమ కణత అల ఒకసారి మందగించింది. మళ్ళీ ఒకసారి. నీళ్ళల్లో కళ ఆగింది. చెవి వెనక మాట వినిపించిందని తెలుస్తోంది. అదే మాట తెర మీదా కనిపించింది. మూర్ఛ రాబోతోంది, కొద్ది నిమిషాల్లో, పైకి రండి.

కళ నీళ్ళు తన్నుకుంటూ నిలబడి, నీళ్ళ వల్లేనా అని అడిగింది.

"కాదు. నీళ్ళకి సంబంధం లేదు. రాత్రి మీరు దాదాపు నిద్రపోలేదు."

"పడుకుని ఉంటే?"

"నేను మాట్లాడేదాన్ని కాదు."

కళ ఒక్క క్షణం దూరంగా కనిపిస్తున్న ఒడ్డు వైపు చూసింది. సుహాసిని రమ్మని పిలవలేదు. పిలవకూడదనుకుంది. కళ మారుమాట లేకుండా పడవ వైపు తిరిగి, ఈతగాడి భుజం ఊతంగా పైకెక్కి, అడుగు చెక్కల మీద పడుకుని, "వస్తోందంటే వస్తోందే అక్కా, అమ్మకి చెప్పు కంగారు పడొద్దని," అంది. ఆ వెంటనే కాకపోయినా కాసేపటికి వచ్చింది. అప్పలనర్సమ్మ కూతుర్ని పక్కకి తిప్పి, తల తొడ మీద పెట్టుకుని, ఏమీ చేయకుండా కూర్చుంది. ఏమీ చేయకుండా కూర్చోవడం ఆవిడకి ఎంత కష్టమో చేతులు చూస్తే తెలుస్తోంది. మూర్ఛ వచ్చిన దారినే పోయింది. పడవ నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

కళ కళ్ళు తెరిచినా, ఎక్కడుందో గుర్తు తెచ్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. అక్క ముఖం దిగులుగా ఉండడం చూసి నవ్వింది. సగంలో ఆగిపోయినందుకు ఏడుస్తుందనుకున్న సుహాసిని తెల్లబోయింది.

"చెప్పింది, వచ్చింది. ఎందుకో కూడా చెప్పింది," అంది కళ. నాలుక ఇంకా మొద్దుగానే ఉంది. "నిద్రపోతే చాలటే. నిద్రపోవడం నాకు రాదనుకున్నావా?"

నెల తిరక్కుండానే మళ్ళీ దిగింది. ముందు రోజు సాయంత్రమే అన్నం తిని, ఫోను అక్కకి ఇచ్చేసి, తలుపు వేసుకుని పడుకుంది. ఆ పొద్దున సముద్రం పళ్ళెంలో పాలలా ఉంది. కైలాసగిరి దాటింది. జాలరిపేట వాళ్ళు వలలు లాగుతూ చేతులూపారు. పడవలో సుహాసిని తెర వంక చూడడం ఎప్పుడో మానేసి, చెల్లెలి చేతులనే చూస్తోంది. అవి అలవాటైన పని చేసుకుపోయే చేతులు. ఈతగాడు అలిసిపోయి పడవెక్కి, రెండోవాడు దిగాడు. కళ ఆగలేదు.

ఆర్.కె. బీచ్‌లో పొద్దుటి నడకకి వచ్చినవాళ్ళు ఎవరో నీళ్ళలోంచి వస్తున్నారని గుమిగూడారు. కళ కాళ్ళకి ఇసుక తగలగానే నిలబడబోయి మోకాళ్ళ మీద కూలబడింది. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళని చేత్తో వారించి, తనంతట తానే లేచి, పొడి ఇసుక దాకా నడిచి వెల్లకిలా పడుకుంది. సుహాసిని పడవలోంచి మోకాలిలోతు నీళ్ళలోకి దూకి పరుగెత్తి పక్కన కూలబడింది. కళ ఆయాసం మధ్య, ఈసారి భీమిలి నుంచి అంది. సుహాసిని సరేనంది.

అప్పలనర్సమ్మ తుండుతో వాళ్ళని చేరనే లేదు. దారిలోనే ఆగిపోయింది. ముందు పల్లీలమ్మే ముసలాయన్ని ఆపింది. తరువాత టోపీ పెట్టుకుని నడుస్తున్న ఒక పెద్దమనిషిని. తరువాత సైకిలు మీద వచ్చిన పేపరు కుర్రాణ్ణి. ప్రతివాళ్ళకీ ఇసుకలో పడుకున్న పిల్లని చూపించి, అదే మాట చెబుతోంది.

"మా సిన్నమ్మాయండీ. రుషికొండ కాణ్ణించి ఈదుకొచ్చీసింది."